బ్రేకు అందలేదన్న డ్రైవరు మాట

‘పరీక్షించడమైనది, లోపము కనబడలేదు’ అన్న వాక్యం చదవని వారు మన సభ్యులలో అరుదు. ఇంజిను మరమ్మతు పుస్తకంలో లోకో పైలట్ వ్రాసిన ఫిర్యాదుకు ఎదురుగా షెడ్డు వారు దీనిని వ్రాస్తారు. మెయిలు మోటారు డ్రైవరు ఉదయం వర్క్‌షాపులో బండి అప్పగించి, సాయంత్రం తిరిగి తీసుకొనేటప్పుడు జాబ్ కార్డుపై దీనినే చూస్తాడు. ఆ వాక్యం క్రింద సంతకం పడిన క్షణం నుంచి లోపం బండిలో లేదు, డ్రైవరులో ఉన్నదని అర్థం. ఈ ధోరణిని ఖండిస్తూ మనం వ్రాసిన విజ్ఞాపనలకు లెక్క లేదు. అయితే ఇప్పుడు మేము వ్రాయబోయేది ఏ షెడ్డును గురించీ కాదు, ఏ వర్క్‌షాపును గురించీ కాదు. మా కార్యాలయంలో ఉండిన ఒక పాత అంబాసిడర్ కారును గురించి, దానిని నడిపిన మనిషిని గురించి. ఆయన మాటను నమ్మనివారము మేమే గనుక, దీనిని ఆత్మవిమర్శగానే మిత్రులు చదువుకొనవలె.

ఆ కారు 1986 నాటిది. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, బూస్టరు లేదు. విశాఖపట్టణంలో ఒక గృహస్థు వద్ద 1999లో కొన్నాము. కొత్తవలస–కిరండూల్ మార్గంలోని శాఖలకు రైలు మీద పోవచ్చును గాని, ఏజెన్సీ గ్రామాలలో బ్రాంచి పోస్టాఫీసులు నడిపే మిత్రులను కలవాలంటే బండి లేక గత్యంతరం లేదు. డ్రైవరు అంతకు ముందు ఇరవై ఏళ్ళు లారీ నడిపినవాడు. మితభాషి. బండిని తన ఇంటి గొడ్డును చూచుకొన్నట్లు చూచుకొనేవాడు.

2003 ఆగస్టులో అరకు నుంచి ఒక సమావేశం ముగించుకొని వస్తున్నాము. గాలికొండ, అనంతగిరి, టైడా దాటి ఘాటు దిగి, శృంగవరపుకోట మీదుగా కొత్తవలస సమీపానికి వచ్చేసరికి ఒక లెవెల్ క్రాసింగు గేటు మూసి ఉన్నది. డ్రైవరు నెమ్మదిగా ఆపాడు. రోడ్డు గేటు వైపునకు కొద్దిగా వాలి ఉన్నది. వెనుక సీటులో మేము సమావేశపు తీర్మానాలను గురించి వాదించుకుంటున్నాము. అర నిమిషమో, నిమిషమో గడిచినది. ఆగి ఉన్న కారు మెల్లగా ముందుకు జారడం ప్రారంభించింది. డ్రైవరు పెడలును రెండుసార్లు గట్టిగా కొట్టి, చేతి బ్రేకు లాగాడు. గేటు కడ్డీకి మూరెడు దూరంలో ఆగినది. ఇనుప ఖనిజపు గూడ్సు కడ్డీకి అవతల దడదడలాడుతూ పోతున్నది. ఆ బండి పూర్తిగా పోయే వరకు కారులో ఎవరమూ మాట్లాడలేదు.

“ఆగినాక కూడా కాలు కింద పెడలు దిగిపోనాది బాబూ. ఇది రెండోపాలి” అన్నాడు డ్రైవరు. మొదటిసారి ఎప్పుడు జరిగినదో మేము అడగలేదు. అడగవలసిన ప్రశ్న అదే.

మరునాడు కారును వర్క్‌షాపుకు పంపాము. అక్కడి మేస్త్రీ అనుభవజ్ఞుడే. ఆయన నిజాయితీని శంకించడానికి కారణమేమీ లేదు. సీటులో కూర్చుని పెడలును బలంగా తొక్కాడు. రాయిలా నిలిచినది. రోడ్డు మీదికి తీసుకొనిపోయి వేగంగా నడిపి ఆపి చూచాడు. నాలుగు చక్రాలూ పట్టినవి. ఎక్కడా నూనె చుక్క కారడం లేదు. లోపము కనబడలేదు. మూడు వారాల తరువాత డ్రైవరు మళ్ళీ అదే చెప్పాడు, మళ్ళీ పంపాము, మళ్ళీ అదే జవాబు.

అప్పుడు మా కార్యాలయంలో జరిగిన చర్చను ఇక్కడ వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది గాని, వ్రాయక తప్పదు. ఆయనకు ఘాటు రోడ్డు ప్రయాణాలు ఇష్టం లేవేమోనని ఒకరన్నారు. వయసు మీరినది, కాలిలో పట్టు తగ్గినదేమో అని మరొకరు. పాత బండి కదా, కొంచెం చూచుకొని నడపమను అని ఇంకొకరు. ఈ మూడు మాటలూ ఏ అధికారి నోట వచ్చినా మనం ఏమి చేసి ఉండేవారమో పాఠకులకు తెలుసు. చివరకు, ఆయన సంతృప్తి కోసమన్నట్లు, కొన్ని సామానులు మార్పించాము. మొదట బ్రేకు లైనింగులు. తరువాత వీల్ సిలిండర్ల రబ్బర్లు. ప్రతిసారీ బ్రేకు ఆయిల్ నింపి, పెడలును అడుగు వరకు తొక్కి తొక్కి గొట్టాలలోని గాలి తీశారు. ప్రతిసారీ నాలుగు రోజులు బాగున్నట్లు తోచి, మళ్ళీ మొదటికి వచ్చింది. పైపెచ్చు, అంతకు ముందు నెలకొకసారి కనబడిన లోపం వారానికొకసారి కనబడసాగినది.

గాలి తీసేటప్పుడు పెడలును అడుగంటా తొక్కడం వలననే లోపం ముదిరినదని తరువాత తెలిసింది. మాస్టర్ సిలిండరులో ముషలకం, అనగా పిస్టను, నిత్యం కదిలేది కొద్ది దూరమే. ఆ దూరం మేర గోడ నునుపుగా ఉంటుంది. అంతకు ముందున్న భాగం, ఏళ్ళ తరబడి రబ్బరు తాకనిది, తేమ చేరి గరకుగా తుప్పు పట్టి ఉంటుంది. పాత బండిలో పెడలును ఒక్కసారిగా అడుగు వరకు నెట్టితే మెత్తని రబ్బరు కప్పు ఆ గరకు మీదికి పోయి అంచు చిరుగుతుంది. బాగుచేయడానికి చేసిన పనే రోగాన్ని పెంచినది. పాత కార్లు ఉన్న మిత్రులు దీనిని గుర్తుంచుకొనవలె: గాలి తీయించేటప్పుడు పెడలు క్రింద ఒక చెక్క ముక్క పెట్టి, అది అడుగు అంటకుండా చూచుకొనడం మంచిది.

అసలు రోగాన్ని పట్టినది మోటారు మేస్త్రీ కాదు. క్యారేజి–వ్యాగన్ విభాగంలో ట్రైన్ ఎగ్జామినరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక మిత్రుడు పెన్షను కాగితాల పని మీద మా కార్యాలయానికి వచ్చారు. మాటల సందర్భంలో ఈ సంగతి విన్నారు. ఆయన కారును చూడలేదు, ముందు డ్రైవరును పిలిపించారు. ఎదురుగా కుర్చీ వేయించి కూర్చోబెట్టి, గంటసేపు ప్రశ్నలు అడిగారు. ఎన్నిసార్లు జరిగినది? ప్రతిసారీ ఎక్కడ? బయలుదేరిన ఎంత సేపటికి? వాన ఉన్నదా? బండిలో ఎంతమంది? పెడలు ఒక్కసారిగా పడిపోయినదా, మెల్లగా దిగినదా? రెండోసారి తొక్కితే లేచినదా? కాలు ఎలా ఆనించి ఉంచావు?

ఆ చివరి ప్రశ్నకు డ్రైవరు చెప్పిన జవాబులో రోగం బయటపడింది. ఆయన ఎన్నడూ పెడలును గట్టిగా తొక్కేవాడు కాడు. లారీ మీద నేర్చిన అలవాటు. ముందుగానే చూచి, మునివేళ్ళతో మెల్లగా ఒత్తి, బండి ఆగే వరకు అలాగే పట్టి ఉంచేవాడు. మేస్త్రీ తొక్కినది బలంగా, క్షణం సేపు. వర్క్‌షాపులో చేసిన పరీక్షలన్నీ లోపం దాగి ఉండే పద్ధతిలోనే జరిగినవి.

పెద్దాయన కారును అరగంట నడిపించి, ఇంజిను వేడెక్కిన తరువాత చదునైన చోట నిలిపించి, చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు పెట్టించారు. డ్రైవరును మునివేళ్ళతో పెడలును ఒత్తి పట్టమని, తాను చేతి గడియారం చూస్తూ నిలబడ్డారు. మొదట ఏమీ లేదు. తరువాత పెడలు గడియారపు ముల్లులాగా, కంటికి తెలిసీ తెలియనట్లు క్రిందికి దిగసాగింది. కాలు తీయించి గట్టిగా తొక్కించారు. రాయిలా నిలిచినది. మళ్ళీ మెల్లగా ఒత్తించారు. మళ్ళీ దిగినది. నాలుగు చక్రాల వద్దా, గొట్టాల వెంబడీ వేలితో తడిమి చూచారు. ఎక్కడా తడి లేదు. నూనె బయటికి కారడం లేదు, మాస్టర్ సిలిండరు లోపలే కప్పును దాటి వెనుకకు పోతున్నది అని తేల్చారు.

వాక్యూమ్ బ్రేకు కాలంలో పనిచేసిన మిత్రులకు ఇది సులభంగా బోధపడుతుంది. ఆ సిలిండరులో పిస్టను చుట్టూ రోలింగ్ రింగు ఉంటుంది. రింగు పాడైతే గాలి దానిని దాటి పై అరలోకి చేరుతుంది. పట్టిన బ్రేకు తనంత తానే మెల్లగా వదలుతుంది. పెద్దాయన తన ఉద్యోగ జీవితంలో అటువంటి వ్యాగన్లను ఎన్నో చూచారు. పట్టడం పట్టిందా అన్నది ఒక ప్రశ్న, పట్టి నిలిచిందా అన్నది మరొక ప్రశ్న. ఆయన రెండవది అడిగారు.

బలంగా తొక్కినప్పుడు నిలిచి, మెల్లగా ఒత్తినప్పుడు జారడం వింతగా తోచవచ్చు. కారణం రబ్బరు కప్పు నిర్మాణంలో ఉన్నది. దాని అంచు పెదవిలాగా బయటికి వంగి ఉంటుంది. నూనె పీడనం పెరిగిన కొద్దీ ఆ పెదవి సిలిండరు గోడకు మరింత గట్టిగా అదుముకొంటుంది. పీడనం తక్కువగా ఉంటే అరిగిన పెదవి గోడను పూర్తిగా అంటదు. ఆ సందులోనుంచి నూనె జారుతుంది. వేడికి నూనె పలుచబడితే ఇంకా సులభంగా జారుతుంది. కనుకనే ఉదయం చల్లని బండిలో లేని లోపం, ఘాటు దిగి వచ్చిన తరువాత, గేటు వద్ద మెల్లగా ఆపి నిలిపినప్పుడు కనబడినది. లోపం ఎప్పుడో ఒకప్పుడు వచ్చేది కాదు. అది ఎప్పుడూ ఉన్నది. కనబడడానికి దానికొక సమయం, సందర్భం కావలసి వచ్చినవి.

మాస్టర్ సిలిండరు మార్చిన తరువాత ఆ కారు ఎనిమిదేళ్ళు మా వద్దనే ఉన్నది. ఆ లోపం తిరిగి రాలేదు.

ఈ అనుభవం తరువాత మేము అనేకమంది డ్రైవర్లను, మేస్త్రీలను అడిగి కొంత తెలుసుకొన్నాము. మన సభ్యులలో చాలామంది, ముఖ్యంగా పదవీ విరమణ చేసినవారు, సెకండ్ హ్యాండు కార్లు కొంటున్నారు గనుక అది వారికి అక్కరకు వస్తుంది. ‘బ్రేకు సరిగా లేదు’ అన్న ఫిర్యాదు ఒకటి కాదు. పెడలు మెత్తగా అడుగుకు పోవడం వేరు. కొయ్యలాగా బిగుసుకొని దిగకపోవడం వేరు. బండి ఒక ప్రక్కకు గుంజడం వేరు. తొక్కకుండానే బ్రేకు పట్టుకొని ఉండడం వేరు. వీటిని వేరు చేయకుండా బానెట్టు ఎత్తడం, రోగిని అడగకుండా మందు ఇవ్వడం వంటిది.

అన్నిటిలో ప్రమాదకరమైనది, మరునాటికి ఆనవాలు మిగలనిది, నూనె మరగడం. సామాన్యంగా వాడే బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డబ్బా విప్పిన నాడు డాట్-3 రకం కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగకూడదని ప్రమాణం. తేమ చేరిన తరువాత అదే నూనెకు ప్రమాణం 140 డిగ్రీలు మాత్రమే. డాట్-4 రకానికి ఈ అంకెలు 230, 155. ఘాటు మీద గేరు వేయకుండా బ్రేకు మీదనే బండి దించితే చక్రాల వద్ద వేడి ఆ హద్దును చేరగలదు. నూనె మరగి ఆవిరి అవుతుంది. నూనెను అదమలేము, ఆవిరిని అదమగలము. కనుక పెడలు నేలను తాకుతుంది, బండి ఆగదు. అర్ధగంట చెట్టు నీడన నిలిపితే ఆవిరి చల్లబడి మళ్ళీ నూనె అవుతుంది, పెడలు యథాస్థితికి వస్తుంది. ఆ తరువాత ఏ వర్క్‌షాపు పరీక్షించినా లోపము కనబడదు. నూనె ఎప్పుడు మార్చారు అని అడిగేవాడే దానిని పట్టగలడు. రెండేళ్ళకొకసారి నూనె పూర్తిగా మార్చడానికి అయ్యే ఖర్చు ఒక పూట కుటుంబంతో హోటలు భోజనానికి మించదు. అయినా పదేళ్ళుగా మార్చని కార్లు మన క్వార్టర్ల ముందే నిలిచి ఉన్నవి.

బ్రేకు పట్టుకొని వదలకపోవడాన్ని రైల్వే మిత్రులకు వివరించనక్కరలేదు. బ్రేకు బైండింగ్ అన్న మాట వారిదే. పాత కారులో దీనికి తరచుగా కారణం చక్రం వద్ద ఉండే రబ్బరు హోస్ పైపు. పైకి కొత్తదానివలె కనబడుతూ లోపలి పొర ఉబ్బి ఉంటుంది. కాలి బలానికి నూనె దానిలోనుంచి ముందుకు పోతుంది, తిరిగి రావడానికి మాత్రం ఆ బలం లేదు. ఒక చక్రమే పట్టి ఉంటుంది, బండి ఆ ప్రక్కకు లాగుతుంది, కొంతసేపటికి వదలుతుంది. అన్ని చక్రాలూ బండి నడిచిన కొద్దీ పట్టుకొంటున్నట్లయితే, పెడలు వద్ద కొద్దిపాటి వదులు ఉన్నదా అని చూడవలె. అది లేకపోతే మాస్టర్ సిలిండరులో నూనె తిరిగి పోయే సన్నని రంధ్రం మూసుకొని ఉంటుంది. వేడికి వ్యాకోచించిన నూనెకు దారి లేక బ్రేకులను అదుముతుంది. ‘కొత్త బ్రేకు బాగా అందాలి’ అని యజమాని పట్టుబట్టడం, మేస్త్రీ ఆ వదులును లేకుండా బిగించడం, ఈ రోగానికి నాంది.

పెడలు కొయ్యలాగా బిగుసుకొనడం ఎక్కువగా బూస్టరు ఉన్న బండ్లలో వస్తుంది. ఇంజిను ఆపి నాలుగైదుసార్లు తొక్కి, కాలు పెడలుపై ఉంచి ఇంజిను ప్రారంభించండి. పెడలు కొద్దిగా క్రిందికి దిగవలె. దిగకపోతే బూస్టరుకు వాక్యూమ్ అందడం లేదు. గొట్టం పగుళ్ళను, వాల్వును చూడవలె. పగులు వేడికి తెరుచుకొని చల్లబడితే మూసుకొనే రబ్బరు గొట్టాలు కూడా ఉంటవి.

డిస్కు బ్రేకు ఉన్న చక్రంలో బేరింగు వదులైతే మరొక చిత్రం జరుగుతుంది. గతుకుల రోడ్డు మీద డిస్కు ఊగి ప్యాడ్లను వెనుకకు నెట్టుతుంది. మొదటిసారి తొక్కితే పెడలు దాదాపు అడుగుకు పోతుంది, రెండవసారి బాగుంటుంది. చదునైన వర్క్‌షాపు నేల మీద ఈ లోపం పుట్టదు. ఇక ఎ.బి.ఎస్. అమర్చిన కార్లు కూడా ఇప్పుడు పాతబడుతున్నవి. చక్రం వద్ద వేగాన్ని గ్రహించే సెన్సారు దగ్గర తుప్పు, మట్టి చేరితే, బండి మెల్లగా ఆగే సమయంలో చక్రం జారుతున్నదని భ్రమించి బ్రేకును వదలిస్తుంది. పెడలు కాలి క్రింద గడగడలాడుతుంది. ఆ బండి నడిపేవారు దీనిని చెప్పితే నవ్వకుండా వినవలె.

చట్టం ఈ విషయంలో ఏమి చెప్పుతున్నదో మన కార్యకర్తలు తెలుసుకొనడం అవసరం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 190వ సెక్షను, లోపం గల వాహనాన్ని నడిపినవానిని మాత్రమే శిక్షార్హుణ్ణి చేయడం లేదు. నడిపించినవానిని, నడపనిచ్చినవానిని కూడా చేస్తున్నది. ఆ లోపం తనకు తెలిసి ఉండవలె, లేదా సామాన్యమైన జాగ్రత్తతో తెలుసుకొనగలిగి ఉండవలె. డ్రైవరు వ్రాసి ఇచ్చిన ఫిర్యాదు మేజా మీద ఉండగా, తెలియదని చెప్పడం ఎవరికీ చెల్లదు. కాని ఆచరణలో ఏమి జరుగుతున్నది? ప్రమాదం జరిగితే నిర్లక్ష్యపు కేసు ముందు డ్రైవరు మీదనే పడుతుంది. 2024 జూలై 1కి పూర్వం అది శిక్షాస్మృతిలోని 304-ఏ, నేడు భారతీయ న్యాయ సంహితలోని 106. సెక్షను అంకె మారినది, బోనులో నిలబడే మనిషి మారలేదు. ఆ తరువాత ఎప్పుడైనా ఆ కారు అలాగే జారి ప్రమాదం జరిగి ఉంటే, వర్క్‌షాపు ఇచ్చిన రెండు ‘లోపము కనబడలేదు’ కాగితాలు మా డ్రైవరుకు వ్యతిరేకంగా సాక్ష్యం పలికేవి. వాటిని దాచిపెట్టుకొన్నది మా ఫైలులోనే.

పదిహేనేళ్ళు నిండిన సొంత కారు రిజిస్ట్రేషను పొడిగించుకొనేటప్పుడు తనిఖీ ఉన్నది కదా అని కొందరు అంటారు. తనిఖీ మంచిదే. కాని అది ఒక ఉదయం, ఒక చోట, కొన్ని నిమిషాలు జరిగేది. ఎప్పుడూ కనబడే లోపాన్నే అది పట్టగలదు. అప్పుడప్పుడు కనబడేదానిని పట్టగల యంత్రం ఒకటే ఉన్నది. అది రోజూ ఆ సీటులో కూర్చునే మనిషి.

రైలు బ్రేకుకు, కారు బ్రేకుకు ఒక మౌలికమైన భేదం ఉన్నదని ఇక్కడ చెప్పక తప్పదు. రైలులో గొట్టం తెగితే బ్రేకు పడుతుంది. ఈ సూత్రం ఊరికే రాలేదు. 1889 జూన్ 12న ఐర్లండులోని అర్మా వద్ద, విహారానికి బయలుదేరిన ఒక రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోగా, దానిని రెండుగా విడదీశారు. విడదీయగానే వెనుక భాగానికి బ్రేకు లేకపోయింది. అది వెనుకకు జారి, వస్తున్న మరొక రైలును ఢీకొన్నది. 80 మంది చనిపోయారు, వారిలో పిల్లలు అనేకులు. గొట్టం తెగితే దానంతట అదే పడే బ్రేకు ప్రయాణికుల రైళ్ళకు ఉండి తీరవలెనని ఆ సంవత్సరమే బ్రిటిషు పార్లమెంటు చట్టం చేసింది. కారులో గొట్టం తెగితే బ్రేకు పోతుంది. మా అంబాసిడర్ వంటి పాత బండిలో నాలుగు చక్రాలకూ ఒకటే నూనె దారి. ఒకచోట పోతే అంతటా పోయినట్లే. తరువాతి కార్లలో దారిని రెండు చేసి, ఒకటి పోయినా రెండవది మిగిలేటట్లు చేశారు. అది మేలే గాని, రైలు బ్రేకు ఇచ్చే అభయం అది కాదు. అందుచేతనే కారు బ్రేకుపై వచ్చిన ప్రతి ఫిర్యాదును, నిరాధారమని రుజువయ్యే వరకు, నిజమనే భావించవలసి ఉన్నది.

కనుక మా అభిప్రాయం ఇది. కారణం తెలియని బ్రేకు ఫిర్యాదు ఉన్న బండిలో, అది శాఖదైనా, మన సంఘానిదైనా, సొంతదైనా, మనుషులను ఎక్కించరాదు. ‘లోపము కనబడలేదు’ అని వ్రాసే అధికారం ఎవరికైనా ఇవ్వవచ్చును. కాని ఏ పరిస్థితిలో, ఎంత వేడిలో, ఏ విధంగా తొక్కి చూస్తే కనబడలేదో కూడా వ్రాయవలె, ఫిర్యాదు చేసిన డ్రైవరును ప్రక్కన కూర్చోబెట్టుకొని చూచి వ్రాయవలె. దీనికి అభ్యంతరం రావచ్చు. ప్రతి అనుమానానికీ బండి ఆపితే టపా ఎట్లా నడుస్తుందని అడుగుతారు. కొందరు డ్రైవర్లు పని తప్పించుకొనడానికి ఫిర్యాదు వ్రాస్తారన్నది కూడా పూర్తిగా అబద్ధం కాదు. ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉండి అటువంటి వారిని మేము చూడలేదని చెప్పలేము. అయితే అబద్ధపు ఫిర్యాదు వివరాల వద్ద తడబడుతుంది. ఎక్కడ, ఎంత సేపటికి, ఎన్నవ తొక్కుకు అని గంటసేపు అడిగితే నిజమేదో తేలుతుంది. అడిగే ఓపిక లేక అనుమానించడం సులభం గనుక అనుమానిస్తున్నారు. మేమూ అదే చేశాము.

తపాలా మిత్రులకు ఎర్రర్ బుక్ ఉన్నది. ఎంత చిన్న పొరపాటైనా తేదీతో అందులోకి ఎక్కుతుంది. ఆ కారుకు పెద్దాయన సలహాపై మేము అటువంటి పుస్తకం పెట్టాము. రూపాయలు లెక్క వ్రాసుకొనే చిన్న నోటు పుస్తకమే. మా డ్రైవరు చదివినది ఐదవ తరగతి. కాని తేదీ, చోటు, ఎండ వాన, చల్లబండి వేడిబండి, ఏమి జరిగినది అన్న వరుస ఆయన తప్పలేదు. పట్టణాలలో మా వద్ద ఉన్న మిగతా బండ్లకు కూడా ఆ పద్ధతి వచ్చింది. ఇప్పటికీ కొన్ని చోట్ల నడుస్తున్నది, కొన్ని చోట్ల మానివేశారు.

లైనింగులు మార్చిన సందర్భంలో మరొక సంగతి మా కంటబడింది; ఇది బ్రేకు పట్టడానికి సంబంధించినది కాకపోయినా వదలరానిది. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ము విప్పగానే పేరుకొన్న బూడిద రంగు ధూళిని గాలి పంపుతో ఊదివేయడం వర్క్‌షాపులలో అలవాటు. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరి దశాబ్దాల తరువాత క్యాన్సరును కలిగించగలదని నిర్ధారణ అయినది. ఆ రోజు కూడా పదిహేనేళ్ళ పిల్లవాడొకడు ముఖానికి గుడ్డ అయినా లేకుండా ఊదాడు. మేము ప్రక్కనే నిలబడి చూచాము, ఏమీ అనలేదు. తడి గుడ్డతో తుడవడానికి ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. సొంత బండి బాగుచేయించుకొనే సభ్యులైనా ఈ మాట గట్టిగా చెప్పవలెనని కోరుతున్నాము.

అంబాసిడర్ తయారీ ఉత్తరపారాలో 2014లో ఆగిపోయింది. మా కారును అంతకు ముందే, 2011లో, విజయనగరం జిల్లాకు చెందిన ఒక రైతుకు అమ్మాము. డ్రైవరు అప్పటికి పని మానుకొనే వయసుకు వచ్చాడు. తాళాలు ఇచ్చేటప్పుడు, మేము చెప్పకుండానే, ఆ నోటు పుస్తకాన్ని కూడా కొన్నవారి చేతిలో పెట్టాడు. చివరి పుటలో ఆయన వ్రాసినది మేము చదివాము: వానలో రాత్రంతా నిలిపితే ఎడమ వెనుక చక్రం పట్టుకొంటుంది, చేతి బ్రేకు తీగ తుప్పు, మార్చవలె, అప్పటి వరకు బయలుదేరిన వెంటనే ఒకసారి మెల్లగా తొక్కి చూచుకొని పోవలె.